నదిపై సరదాగా గడిపి, క్షేమంగా ఇంటికి రండి



వేసవి సెలవులు రాగానే విజయవాడలో పిల్లలున్న ఇళ్లలో తరచుగా వినబడే మాట, "నాన్నా, కృష్ణకు వెళ్దాం" అని. కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలు, భవానీ ద్వీపం, పడవ షికారు. ఉదయం ఘాట్ల మీద నడిచేవారు, ఈత కొట్టేవారు, తెప్పల మీద వలలు వేసే పల్లెకారులు, సాయంత్రం పిల్లలతో వచ్చి మెట్ల మీద కూర్చునే కుటుంబాలు. పక్కనే ఇంత పెద్ద నది ఉండడం మన ఊరి భాగ్యం. డబ్బు ఖర్చు లేకుండా చల్లటి గాలి, శరీరానికి వ్యాయామం, మనసుకు విశ్రాంతి దొరికే చోటు అది.

అయితే మా క్యాజువాలిటీలో పనిచేసే మాకు ఆదివారం సాయంత్రాలంటే కొంచెం భయం. కొన్నేళ్ల క్రితం అటువంటి ఒక ఆదివారం 14 ఏళ్ల బాలుడిని ఆటోలో తీసుకొచ్చారు. స్నేహితులతో కలిసి నదిలో మోకాలి లోతు నీళ్లలో బంతి ఆడుతూ, బంతి కోసం నాలుగు అడుగులు పక్కకు వేసి గుంటలో మునిగిపోయాడు. ఒడ్డున ఉన్నవారు మూడు నాలుగు నిమిషాల్లోనే పైకి తీశారు. కాని ఆ తర్వాత వారు ఏం చేశారో వినండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశారు. భుజాన వేసుకుని గిరగిరా తిప్పారు. పొట్ట నొక్కారు. "నీళ్లు కక్కితే బతుకుతాడు" అన్నది వారి నమ్మకం. అలా పది నిమిషాలు గడిచాయి. ఒక్కరు కూడా ఆ పిల్లవాడి నోటిలోకి ఊపిరి ఊదలేదు. మేము చేయగలిగినదంతా చేశాము, కాని ఫలితం లేకపోయింది.

ఆ తండ్రి గోడకు ఆనుకుని నిలబడి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "మోకాలి లోతేనమ్మా సిస్టరమ్మగారూ, మేం ఏం చేసి ఉండాల్సింది?" ఆ సమయంలో నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పి ప్రయోజనం కూడా లేదు. ఆ జవాబు నదికి వెళ్లక ముందు తెలియవలసినది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. నదికి వెళ్లవద్దని చెప్పడానికి కాదు సుమా! హాయిగా వెళ్లి, హాయిగా తిరిగి రావడానికి.

నదిపై గడపడం వల్ల మేలు ఏమిటి?

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నడక, ఈత, తెడ్డు వేయడం, కాళ్లతో తొక్కే పెడల్ బోటు, ఇవన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

తెడ్డు వేసేటప్పుడు చేతులకే కాక భుజాలకు, వీపుకు, పొట్ట కండరాలకు, నడుముకు పని పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. మోకాళ్ల నొప్పుల వలన ఎక్కువ దూరం నడవలేని వారు కూడా కూర్చుని చేయగల వ్యాయామం ఇది. ఈతలో శరీర బరువును నీరే మోస్తుంది కనుక కీళ్లపై ఒత్తిడి తక్కువ. ఇక మనసు సంగతి చెప్పనక్కరలేదు. రోజంతా టీవీ ముందు, సెల్‌ఫోన్ ముందు గడిపే పిల్లలు ఒక గంట నీటి మీద గడిపి వస్తే ఆ రాత్రి ఎంత బాగా నిద్రపోతారో మీరే చూడండి.

మన నది స్వభావం తెలుసుకోండి

ఏ నదికి ఆ నది స్వభావం ఉంటుంది. విజయవాడలో కృష్ణానది ఒకటే అయినా, అది మూడు రకాలుగా ఉంటుంది. ఈ మూడింటి తేడా తెలిస్తే సగం ప్రమాదం తప్పినట్లే.

మొదటిది, బ్యారేజీకి ఎగువన ఉన్న నీరు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. సుమారు 1,220 మీటర్ల పొడవున 70 గేట్లు నీటిని ఆపి ఉంచుతాయి కనుక ఎగువన నది చెరువులాగా నిశ్చలంగా కనిపిస్తుంది. భవానీ ద్వీపం ఉన్నదీ, పడవ షికారు జరిగేదీ ఈ భాగంలోనే. గేట్లు మూసి ఉన్న రోజున ఇది చాలా అనువైన నీరు. కాని గేట్లు ఎత్తిన రోజున ఇదే నీరు బ్యారేజీ వైపు లాగడం మొదలుపెడుతుంది. పైకి నునుపుగానే ఉంటుంది, లోపల లాగుడు ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు పెద్ద పెద్ద ఇనుప పడవలే కట్లు తెంచుకుని వెళ్లి గేట్లకు గుద్దుకున్నాయి. వాటిని బయటకు తీయడానికి ఎన్నో రోజులు పట్టింది. టన్నుల బరువున్న పడవలనే లాక్కుపోయిన నీటికి మనిషి ఎంత?

రెండవది, బ్యారేజీకి దిగువన ఉన్న నది. వేసవిలో ఇక్కడ ఇసుక తిన్నెలు, మధ్య మధ్య పిల్ల పాయలు కనిపిస్తాయి. "ఏముంది, మోకాలి లోతే కదా" అనిపిస్తుంది. అసలు మోసం ఇక్కడే ఉన్నది. గేట్ల నుండి దూకిన నీరు అడుగు ఇసుకను కోసివేస్తుంది. ఇసుక తవ్విన చోట గుంటలు ఏర్పడతాయి. నీరు మట్టిరంగులో ఉంటే ఆ గుంట కంటికి కనబడదు. మోకాలి లోతులో నడుస్తున్న వ్యక్తి తరువాతి అడుగులో నిలువు లోతుకు జారిపోవచ్చు. గుంట అంచున ఉన్న ఇసుక కాలు పెట్టగానే కూలుతుంది కనుక తిరిగి పైకి ఎక్కడం కూడా కష్టం. గేటు తెరిచి ఉన్నప్పుడు దాని కిందికి అసలు వెళ్లకూడదు. అక్కడ పైనుండి పడిన నీరు గుండ్రంగా తిరుగుతూ మనిషిని మళ్లీ మళ్లీ కిందికే తీసుకుపోతుంది. గజ ఈతగాడికైనా అందులోనుండి బయటపడడం కష్టం.

మూడవది, ఊరి మధ్యనుండి పోయే కాలువలు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఈ మూడింటిలోకి నీరు బ్యారేజీ దగ్గరనుండే వస్తుంది. వెడల్పు తక్కువ కనుక పిల్లలకు భయం ఉండదు. కాని కాలువలో నీరు ఆగకుండా పరుగెడుతుంది, గట్లు ఏటవాలుగా ఉండి పాచి పట్టి ఉంటాయి. దిగడం తేలిక, ఎక్కడానికి పట్టు దొరకదు. కాలువలను ఈతకు ఎంచుకోవద్దు.

మరొక ముఖ్యమైన సంగతి. మన ఊరిలో ఎండ కాస్తున్నంత మాత్రాన నది పెరగదని అనుకోవద్దు. ఎగువన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో పులిచింతల ప్రాజెక్టు ఉంది. అక్కడ వదిలిన నీరు కొన్ని గంటల తరువాత మన దగ్గరకు చేరుతుంది. మధ్యలో మున్నేరు కూడా వచ్చి కలుస్తుంది. ఖమ్మం వైపు కురిసిన వాన మున్నేరు గుండా మన బ్యారేజీకి వస్తుంది. కావున జూలై నుండి అక్టోబరు వరకు నదికి బయలుదేరే ముందు ఆ రోజు వార్తలు చూడండి. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండవ హెచ్చరిక ఇస్తారు. అయితే పడవ ఎక్కవలసినవారు హెచ్చరిక వచ్చే వరకు ఆగనక్కరలేదు. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, షికారు ఇంకొక రోజుకు వాయిదా వేయండి. నది ఎక్కడికీ పోదు.

బయలుదేరే ముందు

ఎవరు డాక్టరును అడిగి వెళ్లాలి? మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు, చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు నీటిలో దిగే ముందు డాక్టరు సలహా తీసుకోవాలి. మూర్ఛ ఉన్నవారు మందులు సక్రమంగా వాడుతున్నా సరే, నీటిలో ఒంటరిగా దిగకూడదు. ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్‌ను, షుగరు ఉన్నవారు నాలుగు బిస్కెట్లు లేదా పంచదారను తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి దగ్గర ఉంచుకోవాలి.

ఏ వేళ మంచిది? మన వేసవి ఎండ సంగతి మీకు తెలుసు. ఉదయం 6 నుండి 9 గంటల లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత మంచిది. నీటి మీద ఎండ రెండు విధాలుగా తగులుతుంది. పైనుండి ఒకటి, నీటిపై పడి తిరిగి వచ్చేది మరొకటి. చల్లటి గాలి వలన చెమట తెలియదు, దాహం తెలియదు, ఒడ్డుకు వచ్చాక తల తిరుగుతుంది. టోపీ పెట్టుకోండి. అరగంటకు ఒకసారి మంచినీరు గాని మజ్జిగ గాని తాగండి. చీకటి పడక ముందే ఒడ్డుకు చేరండి.

ఏ బట్టలు వేసుకోవాలి? స్త్రీలు ఈ విషయంలో శ్రద్ధ వహించాలి. చీర తడిస్తే కాళ్లకు చుట్టుకుని ఈదనివ్వదు, నిలబడనివ్వదు. పంజాబీ డ్రెస్ మేలు, చున్నీ మాత్రం తీసి సంచిలో పెట్టండి. మగవారు లుంగీతో పడవ ఎక్కవద్దు. కాళ్లకు వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటే గాజు పెంకులు, ఆలుచిప్పలు గుచ్చుకోవు, పాచి మెట్ల మీద జారదు.

మద్యం సేవించి నీటిలో దిగడం గురించి ఒక్క మాట చాలు. మద్యం ధైర్యాన్ని పెంచి బలాన్ని తగ్గిస్తుంది. నీటిలో మనకు కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం.

లైఫ్ జాకెట్

"నాకు ఈత వచ్చు, జాకెట్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. పడవ బోల్తా పడినప్పుడు తలకు దెబ్బ తగలవచ్చు, కాలు కొంకర్లు పోవచ్చు, పక్కనున్నవారు మెడ పట్టుకోవచ్చు. అప్పుడు ఈత పనికిరాదు, జాకెట్ పనికివస్తుంది. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద యాత్రికుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవారిలో చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. వారందరూ ఆ రోజు మనలాగే సరదాగా గడపడానికి వచ్చినవారే.

జాకెట్ వేసుకున్న తరువాత ఈ మూడు పరీక్షలు చేయండి.

1. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించండి. పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు మాత్రమే ఉండాలి.

2. వేరొకరిని మీ జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల వరకు లేచిందంటే అది వదులుగా ఉన్నది, లేదా మీ సైజు కాదు.

3. లోపలి స్పాంజి ముక్కలై ఉన్నా, గుడ్డ చిరిగి ఉన్నా వేరొకటి అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

పెద్దవారి జాకెట్ పిల్లలకు తొడగవద్దు. నీటిలో పడగానే పిల్లవాడు కిందికి జారిపోయి జాకెట్ ఒక్కటే తేలుతుంది. పిల్లల జాకెట్‌పై ఎంత బరువుకు సరిపోతుందో రాసి ఉంటుంది. కాళ్ల మధ్యనుండి వచ్చే పట్టీ ఉన్నది అయితే ఇంకా మంచిది. గాలి ఊదిన ట్యూబులు, థర్మోకోలు ముక్కలు, ఖాళీ సీసాలు జాకెట్‌కు బదులు కావు. జాకెట్‌ను సీటు కింద పెట్టుకుని కూర్చోవడం, ఫోటో అయిపోగానే విప్పివేయడం, ఈ రెండూ జాకెట్ లేకపోవడంతో సమానం.

పడవలో, తెడ్డుతో

ఎక్కే ముందు పడవలో ఎంతమంది కూర్చోవచ్చో అడగండి. అంతకన్నా ఒక్కరు ఎక్కువైనా, ముందు ఎక్కినవారితో గొడవపడకుండా మీరే దిగిపోండి. కూర్చున్న తరువాత లేచి నిలబడవద్దు, చోట్లు మారవద్దు. అందరూ ఫోటో కోసం ఒకే వైపుకు ఒరిగితే పడవ కూడా ఆ వైపుకే ఒరుగుతుంది.

ఒకరు లేక ఇద్దరు కూర్చుని తెడ్డు వేసే కయాక్ వంటి చిన్న పడవ దొరికితే, మొదటిసారి శిక్షకుని పక్కన ఉంచుకుని ఒడ్డుకు దగ్గరలోనే నేర్చుకోండి. నేను మొదటిసారి తెడ్డు పట్టినప్పుడు పది నిమిషాలు గుండ్రంగా తిరిగాను, మా సిస్టర్లందరూ ఒడ్డున నిలబడి నవ్వారు. మీకూ అలాగే జరిగితే సిగ్గుపడకండి. ఈ కిటుకులు గుర్తుంచుకుంటే చాలు.

వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి కూర్చోండి. తెడ్డును భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరంలో రెండు చేతులతో పట్టుకోండి, మరీ బిగించి పట్టుకోవద్దు. తెడ్డు రెక్కను పాదాల దగ్గర నీటిలో ముంచి, నడుము వరకు లాగి, పైకి తీయండి. చేతులతోనే లాగితే పావుగంటలో భుజాలు నొప్పి పుడతాయి. నడుము పైభాగాన్ని తిప్పుతూ లాగితే గంటసేపైనా అలసట రాదు. పడవ కుడికి తిరగాలంటే ఎడమ వైపు తెడ్డు వేయాలి, ఎడమకు తిరగాలంటే కుడి వైపు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: ముందు ఎదురు, తరువాత వాలు. అనగా, ఒంట్లో బలం ఉన్నప్పుడు ప్రవాహానికి ఎదురుగా ఎగువకు వెళ్లండి, అలసిపోయాక నీటి వాలులో తిరిగి రండి. మొదట వాలులో హాయిగా దూరం పోయినవారు తిరుగు ప్రయాణంలో ఏటికి ఎదురీదలేక చిక్కుకుంటారు. మన దగ్గర వాలు అంటే బ్యారేజీ వైపు అని మరచిపోవద్దు. ఎప్పుడూ బ్యారేజీకి దూరంగానే ఉండాలి. గాలి కూడా చూసుకోండి. నీటిపై అలలు లేచి నురగ కనబడితే ఒడ్డు పట్టండి.

ఒకవేళ పడవ తిరగబడితే, దానిని వదలవద్దు. చాలా పడవలు తిరగబడినా తేలుతూనే ఉంటాయి. దానిని పట్టుకుని, చెయ్యి ఊపి, సాయం కోసం పిలవండి. ఒడ్డు దగ్గరగానే ఉన్నట్లు కనిపిస్తుంది, కాని నీటి మీద దూరం మన కంటిని మోసగిస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే వెల్లకిలా తిరిగి, చేతులు చాచి, గడ్డం పైకి ఎత్తి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ తేలండి. ప్రవాహంలో పడితే కాళ్లు ముందుకు ఉంచి, నీటితోపాటు పోతూ, ఏటవాలుగా ఒడ్డు వైపుకు జరగండి. నీటితో తలపడినవారు ముందుగా అలసిపోతారు.

మునిగేవారు కేకలు వేయరు

సినిమాలలో మునిగిపోయేవారు చేతులు ఊపుతూ "రక్షించండి" అని అరుస్తారు. నిజ జీవితంలో అలా జరగడం అరుదు. నోరు నీటి మట్టానికి వచ్చినప్పుడు ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరవడం ఎక్కడ? చేతులు నీటిని కిందికి నొక్కడంలో ఉంటాయి కనుక ఊపలేరు. మనిషి నిలువుగా ఉండి, తల వెనక్కు వాల్చి, నోరు తెరిచి, జుట్టు కళ్ల మీద పడి ఉంటే అది ఆట కాదు. పిలిచి చూడండి. జవాబు రాకపోతే మీకు ఉన్నది ఒక నిమిషం లోపే.

కావున పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడడం లేదని అర్థం. వనభోజనాలలో ఇదే జరుగుతుంది. వంట దగ్గర కొందరు, మాటలలో కొందరు. అందుకే పేరు పెట్టి అప్పగించండి. "బాబాయ్, ఈ అరగంట పిల్లల బాధ్యత నీది, ఆ తరువాత నాది" అని వంతులు వేసుకోండి. వంతులో ఉన్నవారు సెల్‌ఫోన్ వేరొకరికి ఇచ్చివేయాలి.

2022లో మన దేశంలో నీట మునిగి 38 వేల మందికి పైగా మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ప్రతి సంవత్సరం జూలై 25వ తేదీని నీటి ప్రమాదాల నివారణ దినంగా ఐక్యరాజ్య సమితి 2021లో ప్రకటించింది. ఆ రోజున మీ పిల్లలకు ఈత నేర్పించే సంగతి ఆలోచించండి. చెరువులో చూసి నేర్చుకోవడం కాకుండా, శిక్షకుని దగ్గర నేర్పించండి.

ఎవరైనా మునుగుతుంటే

ఒకరిని రక్షించబోయి ఇద్దరు ముగ్గురు మునిగిన వార్తలు మనం తరచుగా చదువుతుంటాము. మునిగే వ్యక్తి తన తల్లి అయినా సరే పట్టుకుని కిందికి నెట్టి తాను పైకి రావడానికి ప్రయత్నిస్తాడు. అది అతని తప్పు కాదు, ప్రాణభయం. కావున శిక్షణ లేనివారు నీటిలోకి దూకవద్దు. ఒడ్డునుండే చేయగలిగినవి ఉన్నాయి.

అందించండి: ఒడ్డున బోర్లా పడుకుని వెదురు కర్ర, తెడ్డు, చెట్టుకొమ్మ, ఏది దొరికితే అది అందించండి.

విసరండి: చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు. ఒక కొసను ముడి వేసి బరువుగా చేసి విసరండి, రెండవ కొసను ఒడ్డున ఇద్దరు పట్టుకోవాలి. రెండు పంచెలు కలిపి ముడి వేసినా సరిపోతుంది. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఖాళీ నూనె క్యాను విసిరితే దానిని పట్టుకుని తేలతారు.

పిలవండి: పల్లెకారులను, పడవవారిని కేకవేయండి. ఒకరు 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. ఏ ఘాట్, ఏ పక్క అన్నది స్పష్టంగా చెప్పాలి.

పైకి తీసిన తరువాత ఏం చేయాలి?

ఆ తండ్రి ప్రశ్నకు అసలు జవాబు ఇది. దయచేసి రెండుసార్లు చదవండి.

నీట మునిగినవారికి జరిగే నష్టం పొట్టలోని నీటి వలన కాదు, ఊపిరి అందకపోవడం వలన. ప్రాణవాయువు లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. తలకిందులు చేయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వలన ఆ విలువైన నిమిషాలు పోతాయి. పొట్ట నొక్కితే అందులోని ఆహారం, నీరు పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

1. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. భుజం తట్టి పిలవండి. ఛాతీ లేస్తున్నదా అని పది సెకన్ల లోపు చూడండి.

2. ఊపిరి లేకపోతే నుదుటిపై ఒక చెయ్యి పెట్టి, రెండవ చేతి వేళ్లతో గడ్డం పైకి ఎత్తండి. ముక్కు మూసి, నోటిపై నోరు గట్టిగా ఆనించి, ఛాతీ లేచేటట్లు ఊదండి. మొదట కనీసం రెండు ఊపిరులు, వీలైతే ఐదు ఇవ్వండి. పసిపిల్లలకైతే నోరు, ముక్కు రెండింటినీ మీ నోటితో కప్పి మెల్లగా ఊదాలి. నోటిలో నురుగు వస్తున్నా తుడుస్తూ కూర్చోవద్దు, ఊపిరి ఇవ్వండి.

3. అయినా కదలిక, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య ఎముకపై అరచేతి మడమ ఆనించి, దానిపై రెండవ చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కండి. పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు దిగాలి. వేగం నిమిషానికి 100 నుండి 120. చిన్నపిల్లలకు ఒక చెయ్యి చాలు, ఛాతీ మందంలో మూడవ వంతు లోతు దిగాలి.

4. 30 నొక్కుళ్లు, 2 ఊపిరులు, మళ్లీ 30, మళ్లీ 2. అంబులెన్స్ వచ్చేవరకు లేదా మనిషి ఊపిరి తీసుకునేవరకు ఆపవద్దు. అలసిపోతే వేరొకరికి అప్పగించండి.

5. వాంతి అయితే తలను, శరీరాన్ని కలిపి పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, తిరిగి మొదలుపెట్టండి.

6. ఊపిరి వచ్చిన తరువాత పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, పొడి దుప్పటి కప్పండి. కాఫీ, టీ, నీళ్లు ఏమీ పోయవద్దు.

లేచి కూర్చుని "నాకేమీ కాలేదు" అన్నా సరే, ఊపిరి ఆగినవారిని, స్పృహ తప్పినవారిని, నీరు మింగి దగ్గుతున్నవారిని తప్పక ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత దగ్గు, ఆయాసం పెరగవచ్చు.

ఇంటికి వచ్చాక

సబ్బుతో స్నానం చేయండి. తల ఒక పక్కకు వంచి చెవిలోని నీరు పోనివ్వండి. అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టవద్దు. కాలికి గీరుకుంటే సబ్బు నీటితో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి. పుండ్లు ఉన్నవారు మానేవరకు నీటిలో దిగవద్దు. వానలు పడ్డ తరువాత రెండు మూడు రోజులు మురుగు కలిసే చోట అసలు దిగవద్దు.

నదికి వెళ్లివచ్చిన నెల రోజుల లోపు జ్వరం వచ్చి, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, లేదా పచ్చబడడం కనిపిస్తే అది ఎలుక జ్వరం కావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన ఇది వస్తుంది. "నేను నదిలో దిగాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. అడిగేవరకు ఆగవద్దు, సొంతంగా మందులు కొనవద్దు. తొలి దశలో గుర్తిస్తే సాధారణంగా మందులతో తగ్గిపోతుంది.

చివరిగా ఒక మనవి. మన ఊరు తాగే నీరు కూడా ఈ నదిదే. తిన్న ప్లేట్లు, కవర్లు, సీసాలు తిరిగి సంచిలో వేసుకుని రండి. ఈ రోజు మీరు నదిలో పడవేసిన గాజు సీసా రేపు మీ బిడ్డ కాలికే గుచ్చుకోవచ్చు.

గుర్తుంచుకోండి

• గేట్లు ఎత్తిన రోజు నీటి మీదికి వెళ్లవద్దు.
• పడవ కదలక ముందే జాకెట్, దిగిన తరువాతే విప్పడం.
• ముందు ఎదురు, తరువాత వాలు.
• పిల్లలకు చెయ్యి అందేంత దూరంలో ఒక పెద్దవారు, పేరు పెట్టి అప్పగించాలి.
• దూకవద్దు, అందించండి, విసరండి, పిలవండి.
• తలకిందులు చేయవద్దు, పొట్ట నొక్కవద్దు. మొదట ఊపిరి ఇవ్వండి.

ఈ పేజీని చదివి పక్కన పెట్టకుండా, ఈ ఆదివారం ఇంట్లో ఒక దిండు తీసుకుని ఛాతీ నొక్కడం అందరూ ఒకసారి సాధన చేయండి. పిల్లలకు అది ఆటగా ఉంటుంది. మీ దగ్గరలోని ఆసుపత్రిలో శిక్షణ ఇస్తున్నారేమో అడిగి నేర్చుకోండి. ఆ తరువాత టోపీలు పెట్టుకుని, మజ్జిగ సీసాలు తీసుకుని, పిల్లలతో నదికి వెళ్లండి. చల్లటి గాలి, తెడ్డు చప్పుడు, దూరాన ఇంద్రకీలాద్రి మీద దీపాలు. అందరూ కలిసి వెళ్లినట్లే అందరూ కలిసి తిరిగి రండి.